రాయి

కఫ్ చుట్టే ముందు అరచేతులు రుద్దుకో, తుఫూల్.
ఈ కొండ మీద ఖరీఫ్ తుంపర
ఎముకలోకి దిగితే గానీ వేళ్ళను వదలదు.
చల్లటి చెయ్యి తగిలితే
బీపీ పది పాయింట్లు అబద్ధం చెబుతుంది.

ముందు ఆవుల గురించి అడుగు.
తర్వాత వాన గురించి.
ఆవిడ నీ తాతల పేర్లు అడిగితే
ఏడో తరం దాకా చెప్పు, వాచీ చూడకు.
కాగితం మీద వేలిముద్ర
అప్పటిగ్గాని ఒప్పుకోలు కాదు.

బయట మస్తాన్
బురదలో దిగిన చక్రం చూసి గొణుగుతున్నాడు:
"రాయచోటిలో ఇంత వాన యాడ చూసినాం మేడమ్,
ఎడారి దేశమని గదా ఏజెంటు చెప్పింది!"

పేరు, బఖీతా బింత్ సుహైల్.
వయసు గడిలో ఏం రాయాలి?
"మిడతలొచ్చి కొండంతా మేసిన ఏడు
నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి" అంది.
నువ్వు ఫోన్లో వెతకబోయావు. ఆపాను.
మిడతల ఏడు అనే రాయి.

తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష.
ఈ రోజు తేదీ ఎంత? తెలీదు.
నూరులోంచి ఏడేడు తీస్తూ పో. నవ్వింది.
గడియారం బొమ్మ గీయి.
పెన్ను పిడికిట్లో పట్టుకొని
గుండ్రంగా గీసి, మధ్యలో చుక్క పెట్టి
"ఇది మా పాత ఇల్లు, ఇది దూడ" అంది.

ముప్పైకి ఆరు.
కాగితం ప్రకారం
బఖీతాకు మతి పోయి చాలా కాలమైంది.

అప్పుడే ఆవుల పేర్లు మొదలెట్టింది,
తల్లి, దాని తల్లి, దాని తల్లి,
ఏది ఏ లోయలో జారి చచ్చింది,
ఏది కవలల్ని ఈనింది,
ఏ పాడావుని ఎవరి పెళ్ళికి తోలి పంపారు.
చీటీ వెనక గీతలు పెట్టుకుంటూ పోయాను.
నలభై రెండు.
మళ్ళీ అడిగితే అదే వరస, ఒక్కటి తప్పలేదు.

"మార్కులు దిద్దేయనా?" అన్నావు
నెమ్మదిగా, పిల్లిలా.
వద్దు. ఆరు ఆరే.
జాలితో వేసిన మార్కూ దొంగలెక్కే.
మార్జిన్లో నలభై రెండు పేర్లూ రాయి.
దిద్దాల్సిన కాగితం మస్కట్లో ఉంది,
దిద్దడానికి మూడేళ్ళు పడుతుంది,
నీ జీతానికి రెండేళ్ళకే డబ్బుంది.
అదీ నాకు తెలుసు.

మోకాలి నొప్పికి ఆవిడ ఒక మాట అంది.
నాలుక పక్కనుంచి గాలి జారే మాట.
అరబ్బీలో దానికి అక్షరం లేదు.
మీ అవ్వ ఒళ్ళో విన్న చెవి నీకుంది,
రాసే చెయ్యి లేదు.
నా యాభై ఆరక్షరాల్లోనూ వెతికాను.
'ళ' కాస్త దగ్గరికొచ్చి నిలబడి
నేను కాదులే అని తప్పుకుంది.
రికార్డరులో ఉంచేశాం దాన్ని, అట్లాగే.

రాయి, రాయి, తొందరగా రాయి అని
నీకు రాని నా భాషలో నేను తరుముతుంటే
బఖీతా పొయ్యిలోంచి
ఎర్రగా కాలిన రాయి పట్టకారుతో తీసి
పాలల్లో వేసింది. చుయ్యిమంది.
గుమ్మంలో మస్తాన్ పడీ పడీ నవ్వాడు.
ఎందుకని అడిగావు.
ఇంగ్లీషులోకి దాటేలోపు చచ్చిపోయే నవ్వు అది.

నవంబరుతో నా వీసా అయిపోతుంది.
ఇరవై ఆరేళ్ళ కొలువుకి ఆఖరి మెడికల్.
ఫారం పట్టుకొని నువ్వే వచ్చావు సలాలా ఆఫీసులో.
మా ఊరి గురించి అడిగావు, వాన గురించి అడిగావు.
అరచేతులు రుద్దుకున్నావు.

"పోయినేడు ఎన్నిసార్లు పడ్డారు?"
ఒక్కసారీ లేదన్నాను.
నువ్వు రాయలేదు.
పెన్ను బల్ల మీద పెట్టి
కిటికీ అవతలి కొబ్బరాకుల కేసి చూస్తూ కూచున్నావు.
మొదటి జవాబు తర్వాత
పదహారు లెక్కపెట్టమని నేర్పింది నేనే.

పదకొండు దగ్గర గొంతు పట్టేసింది.
రెండుసార్లు, అన్నాను.
ఒకటి బాత్రూములో.
ఇంకోటి బఖీతా ఇంటి ముందు, తడి రాయి మీద,
లోపల నువ్వు పాలు తాగుతుండగా.